సారె బిందెల సైలెన్సర్

మొన్న దుగ్గిరాల దగ్గర మా మేనల్లుడి పసుపు చేను చూడబోతే, వాడు గట్టు మీద నాకో కుర్చీ వేయించి, డ్రోనుతో మందు కొట్టించి చూపించాడు. ఆ బుల్లి యంత్రం జుమ్మని లేచి, చేను ఈ చివర నుంచి ఆ చివరదాకా బుద్ధిగా వెళ్ళి వెనక్కి వస్తుంటే అందరూ దాన్నే చూస్తున్నారు గాని, నా చూపు మాత్రం కాలవగట్టున మేస్తున్న గేదె మీద ఉంది. అది తల కూడా ఎత్తలేదు. ఈ పని ఒకప్పుడు విమానాలు చేసేవని, పైరు తలలను తాకుతున్నాయా అన్నంత కిందుగా వచ్చి మందు చల్లిపోయేవని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. అయితే వాటిలో ఒకదాని చప్పుడు తగ్గించడానికి సైలెన్సర్ తయారుచేసే పని తెనాలిలో మా షాపుకు వచ్చిందని, ఆ పనిలో నేను చేసిన ఒక పాడుపని ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేకపోయానని మాత్రం మీకు తెలియదు. చేను నుంచి ఇంటికి వచ్చాక ఇక దాచుకోబుద్ధి కాలేదు. అందుకే రాస్తున్నాను.

షాపు మా మామగారిది. అరవైల చివర్లో నేను మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఆయన పెద్దమ్మాయిని చేసుకుని, ఉద్యోగం దొరికేదాకా అంటూ ఆ షాపులో అడుగుపెట్టి, చివరికి అక్కడే ఉండిపోయాను. రైసుమిల్లు ఇంజన్లు, పొలాలకు నీళ్ళు తోడే ఆయిలింజన్లు మా దగ్గరకు వచ్చేవి. సైలెన్సర్ అన్న మాటకు అప్పట్లో మా వైపు అర్థమే వేరు. కొల్లూరు లంకల్లో అరటితోటలకు నీళ్ళు పెట్టే రైతు వచ్చి, ఇంజను చప్పుడు మా ఇంటి అరుగు మీదకు వినపడాలయ్యా అని అడిగేవాడు. అరుగు మీద నడుం వాల్చినా ఇంజను నడుస్తోందో ఆగిందో తెలియాలి గదా. పక్కతోట ఇంజను ఒకలా కొట్టుకుంటుంటే తనది ఇంకోలా కొట్టుకోవాలి. అందుకోసం గొట్టాన్ని పొడిగించీ కుదించీ, మీద రేకు టోపీ పెట్టీ, రైతు రైతుకూ ఒక గొంతు తయారుచేసి ఇచ్చేవాళ్ళం. చప్పుడు పెంచడంలో పేరు తెచ్చుకున్న షాపుకు చప్పుడు తగ్గించే పని రావడం, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నా పెళ్ళయిన రెండేళ్ళకు మా మరదలికి రేపల్లె సంబంధం కుదిరింది. అలా వచ్చిన నా తోడల్లుడు ఎస్సెల్సీ తప్పి, నిజాంపట్నం రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తుండేవాడు. పెళ్ళవగానే మామగారు అతన్నీ షాపులోకి తీసుకున్నారు. నడుస్తున్న ఇంజనుకు ఒక కర్రముక్క ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, జబ్బు ఎక్కడుందో అక్కడికక్కడే చెప్పేవాడు. నేనైతే ఇంజను మొత్తం విప్పి, కొలతలు తీసుకుని, కాగితం మీద లెక్కకట్టి, అదే జబ్బును మర్నాటికి కనిపెట్టేవాణ్ణి. రైతులు మర్నాటిదాకా ఎందుకు ఆగుతారు? షాపులోకి వస్తూనే, చిన్నల్లుడు లేడా అండి అని అడిగేవాళ్ళు. నేను తెల్లచొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చుని, ఉన్నాడండి, కూర్చోండి, అనేవాణ్ణి.

అక్కడితో ఆగితే అదీ సహించేవాణ్ణేమో. మా అత్తగారు నన్ను 'అల్లుడుగారూ' అని, 'మీరు' అని, తలుపు వారగా నిలబడి మాట్లాడేవారు. అతన్ని మాత్రం ఏడాది తిరక్కుండానే 'ఏవయ్యా అబ్బాయ్, నువ్వు' అనేదాకా వచ్చారు. నాకు విస్తరి వేసి, గడ్డపెరుగు పక్కన పెట్టి, ఇంకాస్త వేసుకోండి అని మర్యాద చేసేవారు. అతను తిన్నగా వంటింట్లోకి పోయి, పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, పాలగిన్నె అడుగున అంటుకున్న మీగడ గీకించుకుని తినేవాడు. నాకు జరిగే మర్యాద చూసి బంధువులు మెచ్చుకునేవాళ్ళు గాని, నా కన్నంతా ఆ 'నువ్వు' మీదే ఉండేది. ఒక ముసలావిడ తనను నువ్వు అనడం లేదని కుళ్ళుకున్న మగవాణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. నేను కుళ్ళుకున్నాను, ఏళ్ళ తరబడి కుళ్ళుకున్నాను.

డెబ్బైలు సగానికి వచ్చిన రోజుల్లో, మద్రాసు నుంచి ఒక ఇంజనీరుగారు మా షాపు వెతుక్కుంటూ వచ్చారు. బాపట్ల అవతల, సముద్రం వైపు సరుగుడు తోటల పక్కన గట్టి చవిటినేల ఒకటి చదునుచేసి, మందు చల్లే విమానాలు దిగడానికీ లేవడానికీ బాట వేసుకున్నారట. వాళ్ళ విమానాలన్నిటికీ మామూలు ఇంజన్లే, ఒక్కదానికి తప్ప. ఆ రెండు సీట్ల చిన్న విమానానికి ఆయన జర్మనీ నుంచి తెప్పించిన రోటరీ ఇంజను బిగించారు. దాంట్లో పిస్టన్లు పైకీ కిందకీ ఆడవు. మూడు మూలల ఇనప దిమ్మ ఒకటి లోపల గుండ్రంగా తిరుగుతుంది. చిన్న ఇంజను, బరువు తక్కువ, వణుకు లేదు, అన్నీ బాగానే ఉన్నాయి. అయితే మామూలు ఇంజనులో పొగ బయటికి పోవడానికి వాల్వు ఉండి అది మెల్లిగా తెరుచుకుంటుంది, దీంట్లో వాల్వే లేదు. పక్క గోడకు ఒక రంధ్రం ఉంటుంది, దిమ్మ దాన్ని దాటగానే మంటలాంటి గాలి ఒక్కసారిగా బయటపడుతుంది. కొత్త గుడ్డను చెవి పక్కన పెట్టి ఆగకుండా చించుతున్నట్టు ఉండేది ఆ చప్పుడు. కాకుమాను దాకా గేదెలు పలుపులు తెంపుకున్నాయి, పాలు చేపడం మానేశాయి. చుట్టుపక్కల పంచాయతీల వాళ్ళు ఏకమై, ఆ విమానం మళ్ళీ లేస్తే చక్రాల కింద పడుకుంటామన్నారు. నెలరోజుల్లో చప్పుడు తగ్గకపోతే ఆ ఇంజను విప్పి పంపేయడం తప్ప దారి లేదు. ఇంజను గొట్టాల పనివాళ్ళు తెనాలిలో ఉన్నారని ఎవరో చెబితే ఆయన మా దగ్గరకు వచ్చారు.

ఇది చదువుకున్నవాడి పని, కర్రముక్క చెవిలో పెట్టుకునేవాడి పని కాదు అనుకున్నాను. మామగారు కూడా నా వైపే చూశారు. పదిరోజులు స్లైడ్ రూలు ముందేసుకుని లెక్కలు కట్టాను. మూడు గదుల డ్రమ్ము, గదికీ గదికీ మధ్య అడ్డురేకులు, సందుల్లో రైసుమిల్లు బాయిలరుకు చుట్టే ఆస్బెస్టాస్ తాడు దట్టించాను. ఇంజనీరుగారు దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, మెల్లిగా కిందపెట్టి, దీన్ని మోయడానికి ఇంకో విమానం కావాలండి అన్నారు నవ్వుతూ. అయినా బిగించారు. నేలమీద ఇంజను తిప్పితే ఐదు నిమిషాలు నిజంగానే చప్పుడు తగ్గింది, నేను చుట్టూ ఒకసారి చూసుకున్నాను కూడా. ఆ తర్వాత డ్రమ్ము ఎర్రబడింది. లోపల అడ్డురేకులు మెత్తబడి ఒరిగిపోయాయి. తాడు ముక్కలు ముక్కలై, నిప్పురవ్వలతో సహా వెనక గొట్టంలోంచి ఎగిరి, చూడవచ్చిన పంచాయతీ ప్రెసిడెంటుగారి పంచె మీద పడ్డాయి. జనమంతా విరగబడి నవ్వారు. మా తోడల్లుడు నవ్వలేదు. ఎక్కణ్ణుంచో సోడా తెచ్చి నా చేతిలో పెట్టి, ఇదేం ఇంజనండి బాబూ, దెయ్యం గాని, అన్నాడు. అతను నవ్వి ఉంటే బాగుండేది, ఆ సోడా తాగకుండానే పక్కన పెట్టేశాను.

ఆ సాయంత్రం రైల్లో తెనాలి వస్తూ అతను కిటికీలోంచి బయటికి చూస్తూనే, "గాలికి దారి మూస్తే అరుస్తది అన్నయ్యగారూ, తిప్పి తిప్పి పంపితే ఊరుకుంటది" అన్నాడు. మామూలు ఇనుము ఆ వేడికి ఆగదని నా డ్రమ్ముతో తేలిపోయింది, స్టెయిన్‌లెస్ స్టీలు కావాలి, అది మద్రాసు నుంచి వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. మర్నాడు పొద్దున నేను షాపుకు వెళ్ళేసరికి అతను మా మరదలి స్టీలు బిందెకు మెడ కోస్తున్నాడు. స్టీలు సామాను అప్పుడప్పుడే ఇళ్ళల్లోకి వస్తున్న రోజులవి. మామగారు ఇద్దరు కూతుళ్ళకీ ఒకే కొలత బిందెలు, బాగా దళసరివి, పేర్లు చుక్కలతో చెక్కించి సారెలో పెట్టారు. సంగతి తెలిసి అత్తగారు వీధిలోంచే కేకలు వేస్తూ వచ్చారు. "సారె బిందె కోస్తావటయ్యా! పట్టుమని అయిదేళ్ళన్నా నీళ్ళు మోసిందా దాంతో?" అన్నారు. అతను ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, గాలి ఎలా తిరుగుతుందో చెంబులో నీళ్ళు తిప్పి చూపించాడు. ఆవిడ కాసేపు చూసి, "సరే, కోశావుగా. రెండోది పెద్దదాని దగ్గరుంది, పోయి అడుగు" అన్నారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి నీళ్ళగట్టు మీద మా స్టీలు బిందె లేదు, పాత ఇత్తడిది పెట్టి ఉంది. "మరిదిగారు అడిగారండి, ఇచ్చాను" అంది మా ఆవిడ, చేటలో బియ్యం ఏరుతూ. నన్ను ఒక్క మాట అడగొద్దా అంటే, "నా సారె బిందె నేనిచ్చుకుంటే మిమ్మల్ని అడిగేదేంటండి? మీ డ్రమ్ము ఎటూ కాలిపోయింది, ఇదన్నా ఎగరనీండి" అంది. ఎగతాళిగా అనలేదు, చాలా మామూలుగా అంది, అదే నన్ను కాల్చింది. నా లెక్కల కాగితాలు సొరుగులో పడి ఉండగా, నా పెళ్ళాం పేరు చెక్కిన బిందె అతని చేతుల మీదుగా విమానం ఎక్కబోతోంది. ఆ పూట పచ్చడి కారంగా ఉందని కంచం తోసేశాను.

రెండు బిందెల మెడలూ తీసేసి, ఎదురెదురుగా పెట్టి, అంచు మీద అంచు వేసి అతికితే అది పెద్ద గుమ్మడికాయలా తయారైంది. ఇంజను నుంచి వచ్చే గొట్టాన్ని పక్కనుంచి ఏటవాలుగా దూర్చాడు, గాలి లోపలికి వచ్చి బిందె గోడ వెంట గిరగిరా తిరగడానికి. నడిమధ్య ఈ బిందె అడుగు నుంచి ఆ బిందె అడుగుదాకా చిల్లుల గొట్టం ఒకటి పెట్టాడు. గాలి తిరిగి తిరిగి జోరు తగ్గి, ఆ చిల్లుల్లో దూరి బయటికి పోవాలి. చిల్లులు ఎన్ని ఉండాలన్నదానికి అతని దగ్గర లెక్క లేదు. గొట్టాన్ని తాత్కాలికంగా బోల్టులతో నిలిపి, కొన్ని చిల్లులు వేసి, రైలెక్కి బాపట్ల తీసుకెళ్ళి విని, వెనక్కి తెచ్చి మళ్ళీ కొన్ని వేసేవాడు. నాలుగో ప్రయాణానికి గుడ్డ చించే చప్పుడు పోయి, ఎక్కడో దూరాన రోడ్డు మీద లారీ పోతున్నట్టయింది. ఇంజనీరుగారు అతన్ని కౌగలించుకున్నారు. ఇక మిగిలింది బోల్టులు తీసేసి గొట్టాన్ని గట్టిగా వెల్డు పెట్టడమే.

సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారికి విదేశం నుంచి పోస్టులో ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, ఆ రకం ఇంజన్ల పొగగొట్టాల గురించి. తెరిచి చూసే తీరిక లేక ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, "వెల్డు పెట్టేలోగా మీరు చదివి ఆయనకు తెలుగులో చెప్పండి సార్" అన్నారు. మూడు సాయంత్రాలు షాపులో బల్ల మీద కూర్చుని పేజీ పేజీ చదివి చెప్పాను. అతను కింద మోకాళ్ళు చుట్టుకుని కూర్చుని, పురాణం వింటున్నట్టు విన్నాడు. మూడో సాయంత్రం ఒక పేజీ వచ్చింది. దాంట్లో విరిగిన గొట్టం బొమ్మ ఉంది. లోపలి గొట్టం బయటి డొల్లకన్నా ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కనుక దాన్ని ఒక చివరే బిగించాలి, రెండో చివర జరగడానికి వీలుగా వదిలేయాలి. రెండు చివర్లా వెల్డు పెడితే అక్కడ చిట్లుతుంది, విరిగిన ముక్క అడ్డం పడితే గాలికి దారి మూసుకుపోయి ఇంజను ఆగిపోతుంది, అని ఆ బొమ్మ కింద రాసి ఉంది. నేను అది మనసులో చదువుకుని, రెండు పేజీలు కలిపి తిప్పేశాను.

"ఇంకేమన్నా ఉందా అన్నయ్యగారూ?" అన్నాడు.

"అంతేనయ్యా. మిగతావన్నీ లెక్కలు" అన్నాను.

అతని ప్రాణం మీదకు రావాలని కాదు, ఇది మీరు నమ్మినా నమ్మకపోయినా నిజం. నేలమీద పరీక్షలోనే చిట్లుతుంది, అతని బిందెలు కూడా నా డ్రమ్ములాగే నలుగురిలో నవ్వులపాలవుతాయి, అప్పుడు నేను తాపీగా లేచి విరుగుడు చెబుతాను అనుకున్నాను. అప్పుడు అత్తగారు, మామగారు, మా ఆవిడ ఎలా చూస్తారో కూడా ఊహించుకున్నాను. అతను నా ఎదురుగానే రెండు చివర్లా వెల్డు పెట్టాడు. నేను నల్ల అద్దం అడ్డం పెట్టుకుని ఆ వెలుగు చూస్తూ నిలబడ్డాను. తీరా నేలమీద ఇరవై నిమిషాలు తిప్పినా ఏమీ కాలేదు. నేలమీద తిప్పేది నిదానంగా, ఆకాశంలో తిప్పేది పూర్తి జోరుగా అన్న సంగతి డిప్లొమా చదివిన నాకు తెలియంది కాదు.

మర్నాడే ఎగరేద్దామన్నారు. పొద్దున రైల్లో మామగారు, అత్తగారు, మా ఆవిడ, మరదలు, అందరం పులిహోర కట్టుకుని పెళ్ళికి పోతున్నట్టు బాపట్ల పోయాం. పంచాయతీల వాళ్ళు గొడుగులు వేసుకుని నిలబడ్డారు. ఒకాయన సాక్ష్యానికని తన పాడిగేదెను తోలుకొచ్చి, అక్కడే గూటం పాతి కట్టేశాడు. పైలట్ ఎక్కి కూర్చున్నాక రెండో సీట్లో ఎక్కాల్సింది ఇంజనీరుగారు. ఆయన ఎక్కబోయి ఆగి, మా తోడల్లుణ్ణి పిలిచి, పైన చప్పుడు ఎలా మారుతుందో మీ చెవే చెప్పాలండి అని అతన్ని ఎక్కమన్నారు. చెప్పేద్దామని అడుగు ముందుకు వేశాను. అతను చెప్పులు కింద విడిచి, గుడి మెట్లు ఎక్కినట్టు ఎక్కి కూర్చుని, అత్తగారి వైపు చెయ్యి ఊపాడు. "జాగ్రత్త నాయనా" అన్నారు ఆవిడ. నా ఏడెనిమిదేళ్ళ అల్లుడరికంలో ఆ నోట ఆ మాట నేను వినలేదు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

విమానం లేచింది. సరుగుడు తోటల మీదుగా సముద్రం వైపు తిరిగి, మళ్ళీ మా నెత్తిమీదుగా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. గేదె నెమరు వేస్తూనే ఉంది. అందరూ చప్పుడు ఎంత తగ్గిందో వింటుంటే, నేను అది ఎక్కడ ఆగిపోతుందోనని వింటున్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇంత చెమటేంటండి అంది. మూడో చుట్టులో ఆ చప్పుడు లోపల ఎక్కడో సన్నగా టకటకమని మొదలైంది. కింద ఇంకెవరూ పట్టించుకోలేదు. నాకు వినపడింది, పైన అతనికీ వినపడింది. పైలట్ భుజం తట్టి, దించేయండి సార్ అన్నాడట. చక్రాలు నేలకు తగిలి, బండి ఆగి, అతను దిగి చెప్పులు తొడుక్కునేదాకా నేను అతని మీంచి చూపు తిప్పలేదు.

చల్లారాక విప్పి చూశారు. గొట్టం వెల్డు దగ్గర ముప్పావు వంతు చిట్లి, బెత్తెడు కూడా లేని రేకు పట్టుకుని వేలాడుతోంది. ఇంకో చుట్టు తిరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. మరదలు అక్కడే మట్టిలో కూలబడింది. నేను ఆగలేక, ఒక చివర వదిలేయాలి, వేడికి సాగుతుంది గదా, అనేశాను. అందరూ నా వైపు తిరిగారు. మామగారు నా వీపు తట్టి, చదువంటే అదీ, చూడగానే ఎలా పట్టేశాడో చూడండి అన్నారు. ఇంజనీరుగారు మాత్రం నన్ను కాసేపు చూసి, "ఆ పుస్తకం రేపు పంపించెయ్యండి సార్" అన్నారు. ఆయనకు తెలిసిపోయిందో, ఊరికే అన్నారో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పుడు మా తోడల్లుడు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పైన టకటకమంటున్నా నేను బెదరలేదు అన్నయ్యగారూ. పుస్తకమంతా మీరు చదివారు, వెల్డు మీ కళ్ళముందే పెట్టాను. తేడా ఉంటే నన్ను ఎక్కనిస్తారేంటి మీరు? ఆ ధైర్యంతోనే ఎక్కా" అన్నాడు.

ఆ సాయంత్రం తెనాలిలో అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, ఎదురుగా కూర్చుని వడ్డించారు. "తిను నాయనా, నువ్వు కనిపెట్టకపోతే అబ్బాయి మళ్ళీ అలాగే ఎక్కేవాడు, చిన్నదాని పసుపుకుంకాలు ఏమైపోయేవి" అని కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళూ దేనికోసం ఏడ్చానో అది విస్తట్లోకి వచ్చింది, నేను విస్తరి అలాగే వదిలి, మంచినీళ్ళు తాగి లేచిపోయాను.

ఒక చివర వదిలిన గొట్టంతో ఆ విమానం రెండు పంటలకు మందు చల్లింది. తర్వాత మెల్లిగా మందు విమానాలే మా వైపు రావడం మానేశాయి. అతను కొన్నేళ్ళకు రేపల్లెలో సొంత షాపు పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ, మా అన్నయ్యగారు పుస్తకాల మనిషి, నా ప్రాణం నిలబెట్టాడు, అని చెప్పేవాడు. నేను పక్కనే ఉంటే మరీ చెప్పేవాడు. మూడేళ్ళ కిందట పోయాడు. పదోరోజున వెళితే, అతని మనవలు వరసగా వచ్చి, తాతను బతికించిన పెద్దతాత అని నా కాళ్ళకు దండం పెట్టారు. చెప్పేద్దామనే అనుకున్నాను. మరదలు ఎదురుగా కూర్చుని ఉంది. మా ఆవిడ నా కండువా సర్దింది. చెప్పలేదు.

ఇప్పుడు ఏ యంత్రం కొన్నా దానితోపాటు కాగితాలు వస్తాయి, పరీక్షించినవాడి సంతకం ఉంటుంది, ఏ పుస్తకంలో ఏముందో ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకోవచ్చు, ఎవరి కోసం ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. మంచిదే. నాలాంటివాడి చేతిలో మనుషుల ప్రాణాలు ఉండకూడదు. కాకపోతే, ఇంట్లో మనిషి పక్కన నిలబడి ఏమీ అనలేదు గనుక భయం లేదనుకుని ఆకాశంలోకి ఎక్కిపోయే మనుషులు కూడా ఆ కాగితాలతోపాటే పోయారు. అతని చేతిపనికి నేనెప్పుడో తలవంచాను. అత్తగారి మురిపెం ఆవిడతోనే వెళ్ళిపోయింది. ఒక్క విషయంలో మాత్రం ఈ వయసులో కూడా అతనంటే నాకు కుళ్ళు పోలేదు. ఒక మనిషిని మారు ఆలోచన లేకుండా నమ్మాడు, ఆ నమ్మకంతోనే హాయిగా బతికాడు, అలాగే కన్నుమూశాడు. నాకది ఒక్కరోజు కూడా చేతకాలేదు. అతను నమ్మింది నన్ను.